లినక్స్ కంప్యూటర్‌లో పాత రికార్డింగు పలకకపోతే: చెరిపే ముందు చూడవలసినవి

మన ఇళ్లలో పాత క్యాసెట్ల నుంచి, పాత ఫోన్ల నుంచి దించుకున్న పాటలు, మాటలు చాలా ఉన్నాయి. హోసూరులో పెళ్లిపాటలు, బరంపురంలో హరికథలు, షోలాపూరులో బతుకమ్మ పాటలు, యానాంలో భజనలు, బళ్లారిలో అవ్వ చెప్పిన కథలు. ఇవి ఏ అంగడిలోనూ దొరికేవి కావు. పాడినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో కలిసిన మన ఇంటి తెలుగు ఒకప్పుడు ఎలా ఉండేదో చెప్పడానికి కొన్ని కుటుంబాలకు ఆ ఒక్క ఫైలే ఆధారం.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత కంప్యూటర్‌ను పారేయకుండా అందులో లినక్స్ మింట్, ఉబుంటు వంటివి వేసుకోవడం దానికి ఒక దారి. తమిళనాడు ప్రభుత్వం 2011 తర్వాత విద్యార్థులకు ఇచ్చిన ఉచిత లాప్‌టాప్‌లలో చాలావాటిలో విండోస్‌తో పాటు సీడాక్ వారి బాస్ లినక్స్ కూడా ఉండేది. అలాంటి కంప్యూటర్లలో పాత రికార్డింగు మీద నొక్కితే ఒక్కోసారి శబ్దం రాదు, లేదా ఇంగ్లీషులో ఏదో ఎర్రర్ వస్తుంది. ఫైలు పాడైపోయిందనుకుని దాన్ని చెరిపేయడం మాత్రం తొందరపాటు.

మేము చెప్పదలచింది ఒక్కటే. ఎర్రర్ వచ్చిందంటే రికార్డింగు పోయిందని అర్థం కాదు. కార్యాలయంలో కాగితం కనబడకపోతే బీరువాలన్నీ వెతికాకే పోయిందని రాస్తాం గదా, ఇక్కడా అదే పద్ధతి. ఎక్కడెక్కడ వెతకాలో వరుసగా కింద ఇస్తున్నాం. మెనూల పేర్లు, ప్రోగ్రాముల పేర్లు తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తాయి. ఇక్కడ వాటిని పలికే తీరులో తెలుగులో రాస్తున్నాం.

ముందుగా పాటించవలసిన మూడు నియమాలు

ఒకటి, పలకని ఫైలును చెరపవద్దు. రెండు, మరమ్మతు ఏదైనా నకలు మీదే చేయండి, అసలు ఫైలును ముట్టుకోవద్దు. మూడు, పెన్‌డ్రైవ్ గాని మెమొరీ కార్డు గాని ఫార్మాట్ చేయమని కంప్యూటర్ అడిగితే ఒప్పుకోవద్దు. ఈ మూడు పాటిస్తే ఆ తర్వాత చేసే ప్రయత్నాల వల్ల నష్టం జరిగే అవకాశం తగ్గుతుంది.

శబ్దం వచ్చే దారి

డిస్కులో ఉన్న ఫైలు స్పీకరు దాకా రావాలంటే నాలుగు మెట్లు దాటాలి. మొదటిది ఫైలు, అది ఉన్న డిస్కు. రెండోది ఫైలును విప్పి చదివే కోడెక్. మూడోది పాటలు పాడించే ప్రోగ్రాము, అంటే ప్లేయరు. నాలుగోది శబ్దాన్ని సరైన స్పీకరుకు పంపే సౌండు వ్యవస్థ. లినక్స్‌లో ఈ నాలుగో మెట్టులో అడుగున ఆల్సా, దాని పైన పల్స్‌ఆడియో లేదా పైప్‌వైర్ ఉంటాయి. ఉబుంటు 22.10 నుంచి, లినక్స్ మింట్ 22 నుంచి పైప్‌వైర్ వస్తోంది. అంతకు ముందు వాటిలో పల్స్‌ఆడియో ఉండేది.

ఏ మెట్టులో ఆగిందో తెలుసుకోవడానికి రెండు చిన్న పరీక్షలు చాలు.

మొదటి పరీక్ష: పలుకుతుందని మీకు ఖాయంగా తెలిసిన వేరే పాటను అదే ప్లేయరులో పెట్టండి. అదీ పలకకపోతే తప్పు ప్లేయరులోనో సౌండు వ్యవస్థలోనో ఉండవచ్చు. అది పలికి, ఇది పలకకపోతే ఫైలు వైపు, కోడెక్ వైపు చూడాలి.

రెండో పరీక్ష: పాట పెట్టినప్పుడు ప్లేయరులో సమయం చూపే గీత కదులుతోందా? 0:01, 0:02 అని కదులుతూ శబ్దం రాకపోతే సాధారణంగా ఫైలు చదవబడుతున్నట్టే, శబ్దం వేరే చోటికి పోతోంది. గీత అసలు కదలకుండా ఎర్రర్ వస్తే ఫైలు దొరకలేదు, లేదా విప్పడం కుదరలేదు.

గీత కదులుతోంది, శబ్దం లేదు

సెట్టింగ్స్‌లో సౌండ్ తెరిచి అవుట్‌పుట్ చూడండి. కంప్యూటర్‌ను టీవీకి గాని మానిటరుకు గాని హెచ్‌డీఎంఐ తీగతో కలిపినప్పుడు శబ్దం అటు మళ్లి ఉండవచ్చు. మానిటరుకు స్పీకరు లేకపోతే ఏమీ వినిపించదు. అక్కడ మీ స్పీకరును ఎంచుకుని, పక్కనున్న టెస్ట్ బటన్ నొక్కండి. టెస్టు శబ్దం వినిపిస్తే ఆ దారి బాగుంది.

టెస్టు వినిపించి పాట మాత్రం వినిపించకపోతే ప్లేయరు సొంత వాల్యూమ్ చూడండి. రిథమ్‌బాక్స్‌కూ వీఎల్‌సీకీ విడివిడిగా వాల్యూమ్ ఉంటుంది. దీన్ని ఇంకా స్పష్టంగా చూడాలంటే సాఫ్ట్‌వేర్ మేనేజరు నుంచి పావుకంట్రోల్ అనే చిన్న ప్రోగ్రాము వేసుకోండి. అందులో ప్లేబ్యాక్ పేజీలో ఇప్పుడు పాడుతున్న ప్రతి ప్రోగ్రామూ విడిగా కనిపిస్తుంది. దాని కింది గీత ఎగిరి పడుతూ ఉంటే ప్లేయరు శబ్దం పంపుతోందని లెక్క. అక్కడ మ్యూట్ గుర్తు నొక్కి ఉందేమో చూడండి. కాన్ఫిగరేషన్ పేజీలో మీ సౌండు కార్డు ఆఫ్ అని ఉంటే దాన్ని మార్చండి.

బ్లూటూత్ స్పీకరు, హెడ్‌సెట్ వాడేవాళ్లకు ఇంకొక సంగతి. మైకు కూడా పనిచేసే హెడ్‌సెట్ పద్ధతిలో ఉంటే పాట ఫోనులో మాటలా పలచగా వినిపిస్తుంది. పావుకంట్రోల్‌లోని కాన్ఫిగరేషన్‌లో ఎ2డీపీ అని ఉన్నది ఎంచుకుంటే బాగా వినిపిస్తుంది. రికార్డింగు నాసిరకం అని అప్పటిదాకా తేల్చవద్దు.

వీటన్నిటి తర్వాతా ఏ ప్రోగ్రాములోనూ శబ్దం లేకపోతే ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కండి. కుదరకపోతే కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి మళ్లీ వేయండి. సౌండు వ్యవస్థ మధ్యలో బిగుసుకుపోయి ఉంటే దీంతో కదులుతుంది.

ఫైలు దొరకలేదు అని వస్తే

రిథమ్‌బాక్స్ పాటలను తన దగ్గర దాచుకోదు. ఏ పాట ఏ ఫోల్డరులో ఉందో చిరునామా మాత్రమే రాసుకుంటుంది. పెన్‌డ్రైవ్ తీసేసినా, ఫోల్డరు పేరు మార్చినా, బయటి డిస్కును కలపకపోయినా ఆ చిరునామాలో ఎవరూ ఉండరు. అప్పుడు ఎడమ వైపు జాబితాలో మిస్సింగ్ ఫైల్స్ అని ఒక పద్దు వస్తుంది. ఫైలు పోయిందని కాదు, చెప్పిన చోట లేదని దాని అర్థం. డిస్కును కలిపి, ఫైల్ మేనేజరులో ఒకసారి తెరిచి, తర్వాత ప్లేయరు తెరవండి.

విండోస్, లినక్స్ రెండూ ఉన్న కంప్యూటర్లలో విండోస్ డిస్కు తెరుచుకోకపోవచ్చు, లేదా చదవడానికి మాత్రమే తెరుచుకోవచ్చు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంటే అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. విండోస్‌లోకి వెళ్లి షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేసి, తర్వాత లినక్స్‌లోకి రండి. డిస్కును బలవంతంగా తెరిచే ఉపాయాలు ఉన్నా, రికార్డింగులు ఉన్న డిస్కు మీద వాటిని వాడవద్దు.

ప్లేయరును స్నాప్ గాని ఫ్లాట్‌పాక్ గాని రూపంలో వేసుకుంటే, బయటి డిస్కులు చూడటానికి దానికి అనుమతి లేకపోవచ్చు. ఉబుంటులో సెట్టింగ్స్, యాప్స్‌లో ఆ ప్రోగ్రామును తెరిచి, రిమూవబుల్ స్టోరేజ్ అని ఉన్నచోట అనుమతి ఇవ్వండి. ఫ్లాట్‌పాక్‌కు ఫ్లాట్‌సీల్ అనే ప్రోగ్రాముతో ఇవ్వవచ్చు. పరీక్ష కోసం ఫైలు నకలును మీ మ్యూజిక్ ఫోల్డరులో పెట్టి చూడండి. అక్కడ పలికితే సమస్య అనుమతిదే.

తెలుగు పేర్ల చిక్కు

ఇది మనకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు. లినక్స్‌లో ఒక ఫైలు పేరు 255 బైట్లు మించకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగులో ప్రతి గుర్తుకూ 3 బైట్లు పడతాయి. గుణింతపు గుర్తు, వత్తు చేసే పొల్లు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి. ఉదాహరణకు శ్రీ అనే ఒక్క అక్షరంలో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి 4 గుర్తులు, అంటే 12 బైట్లు. మొత్తం పేరుకు దక్కేది 85 గుర్తులే. హోమ్ ఫోల్డరును ఎన్‌క్రిప్ట్ చేసుకునే పాత పద్ధతిలో అయితే సుమారు 143 బైట్లు, అంటే 47 గుర్తులే.

విండోస్‌లో ఈ లెక్క వేరు. అక్కడ తెలుగు గుర్తుకూ ఇంగ్లీషు అక్షరానికీ ఒకే విలువ. అందుకే పాడినవాళ్ల పేరు, ఊరు, సందర్భం, తేదీ అన్నీ కలిపి అక్కడ పొడుగ్గా పెట్టిన పేరుతో ఉన్న ఫైలు లినక్స్‌కు నకలు కాకపోవచ్చు. పేరు పొడవైంది అని ఇంగ్లీషులో వస్తుంది. ఫైలుకు ఏమీ కాలేదు. అది ఉన్న చోటే నకలు తీసి, దానికి చిన్న పేరు పెట్టి తెచ్చుకోండి. పాత పొడుగు పేరును మాత్రం నోటుపుస్తకంలో రాసి ఉంచుకోండి, ఒక్కోసారి ఆ రికార్డింగు వివరం మొత్తం ఆ పేరులోనే ఉంటుంది.

పేరులో అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తే, అది యూనికోడ్ రాకముందు డీటీపీ ఫాంట్లతో రాసిన తెలుగు కావచ్చు. పెట్టెలు కనిపిస్తే తెలుగు ఫాంటు లేదని అర్థం. సాఫ్ట్‌వేర్ మేనేజరులో ఫాంట్స్-తెలు అనే ప్యాకేజీ వేసుకుంటే తెలుగు కనిపిస్తుంది. ఈ రెండూ రాతకు సంబంధించినవి, శబ్దానికి కాదు.

విప్పే కోడెక్ లేకపోతే

రిథమ్‌బాక్స్ ఫైళ్లను విప్పడానికి జీస్ట్రీమర్ అనే వ్యవస్థ మీద ఆధారపడుతుంది. దానికి కావలసిన ప్లగిన్లు లేకపోతే అదనపు ప్లగిన్లు కావాలని అడుగుతుంది, లేదా ఇంపోర్ట్ ఎర్రర్స్ అనే పద్దులో ఫైలును చేరుస్తుంది. వీఎల్‌సీ అలా కాదు, ఎక్కువ రకాల ఫైళ్లను విప్పే సాధనాలతోనే వస్తుంది. అందుకని ఒక ఫైలు రిథమ్‌బాక్స్‌లో పలకకపోతే మొదట వీఎల్‌సీలో పెట్టి చూడండి. అక్కడ పలికితే మీ రికార్డింగు క్షేమం.

లినక్స్ మింట్‌లో మెనూలోని సౌండ్ అండ్ వీడియో కింద ఇన్‌స్టాల్ మల్టీమీడియా కోడెక్స్ అని ఉంటుంది. దాన్ని ఒకసారి నొక్కి, ఇంటర్నెట్ ఉన్నప్పుడు పూర్తి కానివ్వండి. ఉబుంటులో ఉబుంటు-రెస్ట్రిక్టెడ్-ఎక్స్‌ట్రాస్ అనే ప్యాకేజీ వేయించుకోండి.

మన ఇళ్లలో తరచుగా కనిపించే ఫైలు రకాలు ఇవి:

ఎ.ఎం.ఆర్., 3జీపీ: పాత బటన్ ఫోన్లలో రికార్డు చేసినవి. ఫోను మాటల కోసం చేసిన పద్ధతి, అందుకే పాట మూసుకుపోయినట్టు వినిపిస్తుంది. వీఎల్‌సీలో మామూలుగా పలుకుతాయి.

ఓపస్: వాట్సాప్ వాయిస్ మెసేజీలు. వీఎల్‌సీలో, కొత్త రిథమ్‌బాక్స్‌లో పలుకుతాయి.

ఎం4ఎ: ఐఫోన్, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్ల రికార్డింగులు. కోడెక్లు వేసుకున్నాక పలుకుతాయి.

డబ్ల్యూఎంఎ: విండోస్ మీడియా ప్లేయరుతో సీడీల నుంచి దించినవి. వీటిలో చాలావరకు పలుకుతాయి. కానీ దించేటప్పుడు కాపీ ప్రొటెక్ట్ అనే గుర్తు పెట్టి ఉంటే ఆ ఫైలుకు తాళం పడుతుంది, లినక్స్‌లో తెరుచుకోదు. అలాంటప్పుడు అసలు సీడీ లేదా క్యాసెట్ ఇంకా ఇంట్లో ఉందేమో వెతికి, మళ్లీ దించుకోవడమే మేలు.

ఒక్కోసారి పేరు చివర ఎంపీ3 అని ఉన్నా లోపల వేరే రకం ఉంటుంది. ఎవరో పేరు మార్చి ఉంటారు. టెర్మినల్‌లో ఫైల్ అనే ఆదేశం రాసి, ఒక ఖాళీ వదిలి, ఆ ఫైలును కిటికీలోకి లాగి వదిలి ఎంటర్ నొక్కితే లోపలి అసలు రకం తెలుస్తుంది. ఖాళీ ఫైలు అని వస్తే, లేదా ప్రాపర్టీస్‌లో సైజు 0 అని ఉంటే, నకలు సరిగా పడలేదు. అది వచ్చిన ఫోను, కార్డు, సీడీ దగ్గరకు మళ్లీ వెళ్లండి.

ఫైలే దెబ్బతింటే

ఇంతవరకు చెప్పినవి చూశాకే ఈ మెట్టుకు రావాలి. ఇక్కడ కూడా ఆశ వదులుకోవద్దు.

ఎంపీ3, ఎ.ఎం.ఆర్. ఫైళ్లు చిన్న చిన్న ముక్కల వరుస. మధ్యలో తెగినా, మిగిలిన భాగం పలికే అవకాశం ఎక్కువ. వీఎల్‌సీలో పెట్టి, ఆగిన చోటు దాటించి, గీతను ముందుకు జరిపి చూడండి.

ఎం4ఎ, 3జీపీ ఫైళ్లలో లోపల ఏది ఎక్కడుందో చెప్పే విషయసూచిక సాధారణంగా రికార్డింగు ముగిశాక రాయబడుతుంది. రికార్డు చేస్తుండగా ఫోను బ్యాటరీ అయిపోతే శబ్దం ఉంటుంది గాని సూచిక ఉండదు. సైజు పెద్దగానే కనిపిస్తుంది, ఏ ప్లేయరూ తెరవదు. అన్‌ట్రంక్ అనే ఉచిత ప్రోగ్రాము అదే ఫోనులో, అదే విధంగా చేసిన బాగున్న రికార్డింగు ఒకటి చూసి సూచికను మళ్లీ కట్టడానికి ప్రయత్నిస్తుంది. అందుకే ఆ పాత ఫోనులోని మామూలు రికార్డింగులను కూడా పారేయవద్దు.

క్యాసెట్‌ను వేవ్ ఫైలుగా దించుతుండగా కరెంటు పోతే, ఫైలు మొదట్లో ఉండే పొడవు లెక్క తప్పుతుంది. ఆడాసిటీ ప్రోగ్రాములో ఫైల్, ఇంపోర్ట్, రా డేటా అని ఎంచుకుని, 16 బిట్, 44100 హెర్ట్జ్ అని ఇచ్చి తెరవండి. మోనోనో స్టీరియోనో ఇచ్చింది తప్పితే పాట వేగంగానో నిదానంగానో వినిపిస్తుంది, మార్చి చూడండి. మొదట్లో చిటుక్కుమనే శబ్దం వస్తే అంతవరకు కత్తిరించవచ్చు.

డిస్కే చెడుతుంటే సంగతి వేరు. నకలు చేస్తుంటే ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ అని వస్తే, లేదా డిస్కు టకటకమంటే, మళ్లీ మళ్లీ పాడించి చూడటం ఆపేయండి. ప్రతి ప్రయత్నమూ దాన్ని ఇంకొంచెం అరగదీస్తుంది. డీడీ-రెస్క్యూ అనే సాధనం బాగున్న భాగాలను ముందు వేరే డిస్కుకు ఎత్తి, చెడ్డ భాగాల దగ్గరకు తర్వాత వస్తుంది. చేతగాకపోతే తెలిసినవాళ్ల చేత చేయించండి. ఆ పని అయ్యాకే మిగతా మరమ్మతులు.

ఎవరినైనా సాయం అడిగేటప్పుడు

పాట రావడం లేదు అని మాత్రమే చెబితే ఎవరూ ఏమీ చెప్పలేరు. ఈ అయిదు సంగతులు రాసి పంపండి: లినక్స్ పేరు, వెర్షను. ప్లేయరు పేరు. ఫైలు రకం, సైజు. వేరే పాట పలుకుతోందా లేదా. ఎర్రరు అక్షరం పొల్లుపోకుండా, లేదా తెర ఫోటో. వీఎల్‌సీలో కంట్రోల్, ఎం మీటలు కలిపి నొక్కితే ఎర్రరు వివరం మొత్తం కనిపిస్తుంది. ఫైలును వాట్సాప్‌లో పంపేటట్టయితే ఆడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, పేరు మారకుండా చేరుతుంది.

పలికాక చేయవలసిన పని

రికార్డింగు పలికిన రోజే మూడు నకళ్లు తీయండి. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి బయటి డిస్కులో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువుల దగ్గర. అసలు ఫైలును ఉన్న రకంలోనే ఉంచండి. ఫోనులో వినడానికి ఎంపీ3 కావాలంటే వేరే నకలు చేసుకోండి. ఒకసారి ఎంపీ3గా కుదించాక తగ్గిన నాణ్యత మళ్లీ రాదు.

ఫైలుకు చిన్న పేరు, ఒక నంబరు పెట్టండి. ఆ నంబరు ఎదురుగా ఒక నోటుపుస్తకంలో పాడింది ఎవరు, ఏ ఊరు, ఏ ఏడు, ఏ సందర్భం, ఎవరు రికార్డు చేశారు అని తెలుగులో రాయండి. గొంతు గుర్తుపట్టగల పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే ఈ పని పూర్తి చేయాలి. ఇది మేము ప్రత్యేకంగా కోరుతున్నాం. ఫైలు చెడితే బాగుచేసే సాధనాలు పైన చెప్పినన్ని ఉన్నాయి. పాడింది ఏ అవ్వో చెప్పగల మనిషి లేకపోతే ఆ లోటును ఏ సాధనమూ పూడ్చదు.